సాలూరు దాకా సాక్ష్యం

జ్ఞానదాసు పనిలో ఎంత నిదానమో, నోటి దగ్గర అంత తొందర. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు ఖలాసీ వాడు. బరువులకు గొలుసులు తగిలించి, కింద నిలబడి చేతులతో సైగలు చేసేవాడు. పైన కేబిన్‌లో కూర్చుని ఆ సైగల ప్రకారం క్రేన్ నడిపేవాణ్ణి నేను. అంత ఎత్తు నుంచి చూస్తే మనిషికి మొహం ఉండదు, చేతులే ఉంటాయి. దాసు చేతుల్ని నమ్మి ఏళ్ళ తరబడి టన్నుల కొద్దీ ఇనుమును గాల్లో తిప్పాను. ఒక్కసారి కూడా ఎవరి కాలి మీదా పడలేదు. బరువు నేలకు ఆనిందని కాలితో తన్ని చూసుకుంటే గానీ హుక్కు విప్పనిచ్చేవాడు కాదు. సూపర్‌వైజరు పక్కన నిలబడి తిడుతున్నా, "ఆగండి సార్, ఆననీండి" అనేవాడు.

అలాంటివాడు పెళ్ళాం ప్రాణం విషయంలో మాత్రం బరువు గాల్లో ఉండగానే హుక్కు విప్పేశాడు. నా కోపమంతా అదే.

మాది గోదావరి వైపు. ఉద్యోగానికని వచ్చి, ఉక్కునగరం క్వార్టర్లో సంసారం చేసి, రిటైరయ్యాక కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాను. వెనక వీధిలోనే దాసు అద్దెకుండేవాడు. వాడు పుట్టింది విశాఖలోనే, హార్బరు పక్క. వాళ్ళ నాన్న ఓడల్లో సరుకు దించాడు, వీడు ఫర్నేసు దగ్గర సరుకు ఎత్తాడు. కులం, మతం, వయసు చూడకుండా మగవాడన్న ప్రతివాణ్ణీ బావా అంటాడు. నన్నూ అలాగే అనేవాడు. అందుకని వాడి భార్య గ్రేసీ నన్ను అన్నయ్యా అనేది. ముందు వరస కలిసింది, స్నేహం తర్వాత వచ్చింది.

గ్రేసీ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఉన్న ఒక్క కూతురు రోజలిన్ ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తోంది. అలా నడుస్తున్న ఇంట్లో గ్రేసీకి కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. ఆపైన ఇంజెక్షన్లు, జుట్టు ఊడిపోవడం, అన్నం వాసన కూడా పడకపోవడం. దాసు డ్యూటీ నుంచి సైకిల్ మీద వచ్చి, మొహమైనా కడుక్కోకుండా ఆమె మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు.

వాళ్ళ చర్చిలో ఒక అలవాటుంది. ఒక ఇంటికి కష్టమొస్తే తెలిసిన ఊళ్ళ సంఘాలన్నిటికీ కబురు చేస్తారు. సబ్బవరం, కొత్తవలస, శృంగవరపుకోట, గజపతినగరం, సాలూరు. ఆ ఊళ్ళలో చిన్న చిన్న చర్చిల్లో కూలి పనులకెళ్ళే ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం గ్రేసీ పేరున ఉపవాసం ఉన్నారు. ఎప్పుడూ మొహం చూడని మనిషి కోసం పస్తులున్నారు. ఈ మాట మాత్రం నేను వెటకారంగా అనను. ఆమాటకొస్తే నేనూ సింహాచలం వెళ్ళి గ్రేసీ పేరున అర్చన చేయించాను. పూజారి గోత్రం అడిగితే మా గోత్రమే చెప్పేశాను. చెల్లెలే కదా అనుకున్నాను.

జనవరిలో స్కాన్ తీస్తే ఏమీ కనబడలేదు. డాక్టరు మంచివాడు. "సంతోషమే. కానీ మూడు నెలలాగి ఇంకో స్కాన్ తీశాకే నేనేదైనా గట్టిగా చెప్పగలను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేనూ గదిలోనే ఉన్నాను. దాసు తలూపాడు. ఆదివారం రాగానే చర్చిలో లేచి నిలబడ్డాడు.

దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. దేవుడి వల్ల మేలు పొందినవాడు పదిమందిలో నిలబడి ఆ మేలు చెప్పాలి. అదీ ఆలస్యం చెయ్యకూడదట. ఆలస్యం చేస్తే సైతాను వచ్చి ఆ మేలు ఎత్తుకుపోతాడని వాళ్ళ భయం. దాసు ఏడుస్తూ, నవ్వుతూ, నా భార్యకు పూర్తిగా నయమైంది అని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ప్రార్థన చేసిన ప్రతి ఊరికీ సైకిల్ మీద వెళ్ళి, ఆ చర్చిలోనే నిలబడి సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాడు. చర్చంతా ఆమేన్ అంది. ఇక వెనక్కి తీసుకునేది లేదు.

"బస్సు మీద అనుంటే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని అడిగాను.

"బస్సులో ఎల్తే మొక్కుబడేటి బావా, అది టికెట్టు" అన్నాడు.

ఏప్రిల్‌లో పాత కాంట్రాక్టరు పోయి కొత్తవాడు వచ్చే సందులో వాడికి పని లేకుండా పోయింది. అదే అదను అన్నాడు. మూడు నెలల స్కాన్ కూడా ఆ వారమే. దానికి రోజలిన్ తీసుకెళ్తుందిలే అనుకున్నారు. ఎలాగూ నయమైపోయింది కదా! ఆ ఎండల్లో ఒక్కణ్ణే పంపడం ఇష్టం లేక నేనూ సైకిల్ తీశాను. "ఈ వయసులో ఈ ఊరేగింపేంటి, ఇద్దరికీ కలిపి అంబులెన్సు చెప్పమంటారా?" అంది మా ఆవిడ వెంకటరమణమ్మ. సబ్బవరం చేరేసరికి ఆవిడ మాటే నిజమవుతుందేమో అనిపించింది. సీటు మీద కూర్చోలేను, దిగితే నిలబడలేను. దాసు మాత్రం ఎత్తు వచ్చిన చోటల్లా నిలబడి తొక్కుతూ, దిగుడు వచ్చిన చోటల్లా పాటలు పాడుతూ పోయాడు. మనిషి అంత ఆనందంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

సబ్బవరం చర్చి అంటే రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు, ఒక మైకు. దాసు నిలబడి చెప్పాడు. "మందుల వల్ల కాదమ్మా, మీ మోకాళ్ళ ప్రార్థన వల్ల బతికింది నా ఇంటిది" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ముందు వరసలో ఒకాయన ఫోనెత్తి అంతా రికార్డు చేశాడు. భోజనాలయ్యేలోపే అది మిగతా ఊళ్ళ చర్చి గ్రూపులన్నిటికీ వెళ్ళిపోయింది.

"ఆ డాక్టరు వింటే ఏమనుకుంటాడయ్యా? ఇంజెక్షన్లన్నీ నీళ్ళా?" అన్నాను.

"పొగడాల్సినోణ్ణి పొగిడినపుడు పక్కోడి పేరు తెస్తారేటి బావా? మనసులో ఉంటాదిలే" అన్నాడు.

మర్నాడు కొత్తవలస దగ్గర రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతుంటే ఆగాం. నేను ముంజ నోట్లో పెట్టుకున్నానో లేదో దాసు ఫోను మోగింది. గ్రేసీ. ఎండకు తెర కనబడక స్పీకర్ నొక్కేశాడు, అందుకని నేనూ విన్నాను.

"స్కాన్ అయింది. మళ్ళీ ఒచ్చిందంటండి" అంది గ్రేసీ. కూరలోకి ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా అంది.

దాసు ఏటి అన్నాడు. మళ్ళీ ఏటి అన్నాడు.

"కడుపులోనే కాదంట, పైకి కూడా పాకిందంట. సోమవారం పెద్ద డాక్టరొచ్చి సూత్తాడంట. అందాక సేసేదేటీ లేదన్నారు."

"నానొచ్చేత్తన్నాను. ఇప్పుడే తిరిగిపోతన్నాను."

"ఒచ్చి ఏటి సేత్తారు? సోమవారందాకా నా మొహం సూత్తూ కూకుంటారా? ఆళ్ళు నా కోసం తిండి మానుకున్నారండి. ఒత్తానని సెప్పి రాకపోతే ఎలాగ? ఎల్లండి. వందనాలు సెప్పేసి రండి."

"ఏటని సెప్పమంటావే?"

"దేవుడేటి సెప్పమంటే అది సెప్పండి" అని పెట్టేసింది.

దాసు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, చక్రం ఇంటి వైపు తిప్పి, మళ్ళీ కొత్తవలస వైపు తిప్పి, మళ్ళీ ఇంటి వైపు తిప్పి అక్కడే నిలబడిపోయాడు. ముంజలమ్మేవాడు మమ్మల్ని వింతగా చూశాడు. ఇంటికి వెళ్తే చెయ్యగలిగింది లేదు, ముందుకు వెళ్తే చెప్పగలిగింది లేదు. ఆ క్షణంలో నాకు వాళ్ళ దేవుడి మీద, మా దేవుడి మీద, చర్చిలో ఆమేన్ అన్న ప్రతి నోటి మీద మంట పుట్టింది. "ఆననీండి అనేవాడివి కదరా" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను.

చివరకు గ్రేసీ మాటే నెగ్గింది. ఆ సాయంత్రం కొత్తవలసలో దాసు నిలబడ్డాడు. గడ్డ సంగతి, ఆపరేషన్ సంగతి, జనవరి స్కాన్ సంగతి చెప్పాడు. అక్కడితో ఆపి, మీ ప్రార్థనలకు వందనాలు అని కూర్చున్నాడు. అంతా స్తోత్రం అన్నారు. శృంగవరపుకోటలోనూ అంతే, జనవరి దాకా చెప్పి ఆగిపోయాడు. గజపతినగరంలో ఒక ముసలమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. గ్రేసీకి పెట్టమని ఇంట్లో చేసిన మామిడి తాండ్ర చుట్ట ఒకటి ఇచ్చింది. దాసు దాన్ని బ్యాగులో పెట్టుకోలేక, వదల్లేక, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

దారిలో పాటలు పోయాయి. నీడ కనబడినా ఆగేవాడు కాదు, నేను అరిస్తేనే ఆగేవాడు. ఒకసారి చింతచెట్ల కింద దిగి నీళ్ళు తాగుతూ అడిగాడు.

"బావా, నాను ఒక్క అబద్ధమైనా ఆడినానా?"

"లేదు."

"మరి నా నోరు ఇంత సేదుగా ఉందేటి?"

"నీళ్ళు తాగు" అన్నాను.

రోజలిన్ రోజూ సాయంత్రం ఫోను చేసేది. అమ్మ అన్నం తినలేదు, అమ్మ కాళ్ళు వాచాయి, అమ్మ నిద్రపోతోంది. దాసు ఆ నిద్రపోతోంది అన్న మాట పట్టుకుని, "నిద్దరొత్తందంట బావా, మంచిదే కదా, నిద్ర మంచిదే కదా" అని నన్ను పదేపదే అడిగేవాడు. మంచిదే అన్నాను ప్రతిసారీ.

సాలూరు కొండల కిందనుంది. ఊరి మొదట్లోనే లారీల వరస, గ్యారేజీలు, గ్రీజు వాసన. చర్చి వెతుక్కుని వెళ్ళేసరికి గుమ్మంలోనే ఒకామె ఎదురుచూస్తోంది. పేరు గురువమ్మ అని చెప్పింది. నలభై ఏళ్ళుండొచ్చు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఆమె భర్త ఎల్లాజీ. అంత వేడిలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. లారీ డ్రైవరట. దుప్పటి కింద పొట్ట ఒక్కటే ఎత్తుగా ఉంది. గ్రేసీ పొట్టను ఏడాది చూసినవాళ్ళం, మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మీరే కదా బాబూ, సబ్బవరంలో సాక్ష్యం సెప్పినోరు?" అంది గురువమ్మ. "ఫోనులో ఇన్నాం. మా ఆయనకీ అదే జబ్బు. విశాఖపట్నంలో ఇంజెక్షన్లు పొడిసేవోరు. మీ మాట ఇన్నాక తీసుకొచ్చీసినాం. మందులవల్ల కాదన్నారు కదా! మానిపించీసినాం. పూర్తిగా దేవుడికే ఒగ్గేసినాం."

దాసు నా వైపు చూశాడు. ఆ చూపు చెప్పలేను. మేము ఊరూరా ఆగుతూ, ఎండలో రొప్పుతూ వచ్చాం. సబ్బవరంలో అన్న ఒక్క మాట మాకన్నా ముందే సాలూరు చేరి, ఒక మనిషిని ఆస్పత్రి మంచం మీద నుంచి లేపి తీసుకొచ్చింది.

"ఎన్నాళ్ళయిందమ్మా మానేసి?" అని నేనే అడిగాను.

"మీ సాక్ష్యం ఇన్న మర్నాడే బాబూ."

చర్చి నిండింది. పాటలయ్యాయి. పాస్టరు దాసును పిలిచాడు. దాసు మైకు దగ్గరకు వెళ్ళి, దాన్ని పట్టుకోకుండా పక్కకు తిప్పేసి, నేరుగా ఎల్లాజీ కుర్చీ ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, నాను సెప్పింది తప్పు. మా ఇంటిదానికి తగ్గలేదు. తగ్గిందనుకున్నాం. మళ్ళీ ఒచ్చింది. మొన్న స్కాన్లో తేలింది. సబ్బవరంలో నాకు తెల్దు. కొత్తవలసలో తెలిసింది. తెలిసి కూడా మూడూళ్ళలో సెప్పలేదు. మందుల వల్ల కాదన్నాను సూడండి, ఆ మాట నా నోట్లోకి తిరిగి తెచ్చుకోలేను. మందుల వల్లే మా ఇంటిది ఇన్నాళ్ళున్నాది. మీరు రేపే ఎల్లిపోండి. ఆస్పత్రికెల్లిపోండి. మీ కాళ్ళట్టుకుంటాను."

నిజంగానే వంగి పట్టుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను మాత్రం ఇప్పటికైనా బరువు నేలకు ఆనింది అనుకున్నాను. చూడండి, నాదీ తొందరే.

ఎల్లాజీ దుప్పట్లోంచి చెయ్యి తీసి దాసును లేపాడు. మెల్లగా, మర్యాదగానే అడిగాడు.

"మీ ఆవిడ ఇంజెక్షన్లు మద్దిలో మానీసిందా?"

"లేదయ్యా. ఒక్కటీ మానలేదు."

"ఆపరేసనూ అయింది."

"అయింది."

"అన్నీ సేయించినా తిరగబెట్టేసిందన్నమాట."

ఎల్లాజీ పెళ్ళాం వైపు తిరిగాడు. అతని మొహంలో కోపం లేదు. ఎవరో లెక్క తేల్చి చెప్పినట్టు నెమ్మది వచ్చింది. అదే నాకు భయమేసింది.

"ఇన్నావు కదే! ఇంకెందుకు ఆ పొడిపించుకోడాలు, ఆ వాంతులు? ఇంటికి పోదాం పద. ఇంటికాడ పడుకుంటాను."

దాసు వాళ్ళ వెనకే ఆటో దాకా వెళ్ళాడు. అందరికీ ఒకలా ఉండదన్నాడు, మా డాక్టరు నంబరిస్తానన్నాడు, నా సైకిలుందని, నానే ఎంటబెట్టుకెల్తానని ఏదేదో అన్నాడు. పాస్టరూ చెప్పాడు, నేనూ చెప్పాను. ఎల్లాజీ దండం పెట్టి ఆటోలో కూర్చున్నాడు. గురువమ్మ మాత్రం ఒక కాలు ఆటోలో పెట్టి దాసును అడిగింది.

"ముందు ఒకటి సెప్పినారు. ఇపుడు ఒకటి సెప్పినారు. నాను ఏటి సెయ్యాలి బాబూ?"

దాసు చేతులు రెండూ పైకి లేచాయి. ఏళ్ళ తరబడి ఆ చేతులు ఎత్తమంటే ఎత్తాను, దించమంటే దించాను. ఇప్పుడవి ఏ సైగా చెయ్యకుండా ఊరికే గాల్లో ఉండిపోయాయి. ఆటో వెళ్ళిపోయింది.

చర్చిలోవాళ్ళు మళ్ళీ మోకరించి గ్రేసీ కోసం ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో ఎల్లాజీ పేరు కూడా కలిపారు. దాసు ఆ మనుషుల మధ్యకు వెళ్ళలేక బయట చెప్పుల దగ్గర కూర్చున్నాడు.

పొద్దున్నే గాజువాకకు చింతపండు తీసుకెళ్ళే వ్యాను దొరికితే సైకిళ్ళు దాంట్లో పడేసి, మేమూ బస్తాల మీద కూర్చుని బయల్దేరాం. వచ్చిన ఊళ్ళన్నీ వెనక్కి వెళ్ళాయి. గజపతినగరం దాటేటప్పుడు దాసు తలొంచుకున్నాడు. నేనేమనాలి? నిజం చెప్పినందుకు మెచ్చుకోనా?

ఇంటికొచ్చేసరికి గ్రేసీ మంచం మీద గోడకు చేరగిలబడి ఉంది. ఈ అయిదారు రోజుల్లోనే మొహం పీక్కుపోయింది, పొట్ట పెరిగింది. మమ్మల్ని చూసి నవ్వింది. నల్లగా మాడిపోయారు ఇద్దరూ అంది. రోజలిన్ మజ్జిగ తెచ్చింది. దాసు మంచం పక్కన నేల మీద, ఎప్పటి చోటే కూర్చుని, బ్యాగులోంచి తాండ్ర చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. గ్రేసీ దాన్ని వాసన చూసి పక్కన పెట్టుకుంది. తినలేదు.

"సాలూరులో ఒకాయనకి నా జబ్బే అంట కదా" అంది. "ప్రార్థన సెయ్యమని పేరు గ్రూపులో పెట్టారు. నా కోసం పస్తులున్న ఊరు. నాకైతే ఎలాగూ... ఆయనకైనా బాగుండాలని రాత్రంతా ఆయన పేరే తలుసుకున్నానండి. మీరు సూశారా? ఎలాగున్నాడు?"

దాసు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"బాగున్నాడు. ఆస్పత్రికి ఎల్తన్నాడు. మందులు వాడతన్నాడు. తగ్గుమొగం పట్టిందంట."

సాలూరు చర్చి నిండా జనం ముందు దాచలేనివాడు, పెళ్ళాం మొహం చూస్తూ అంత సాఫీగా చెప్పాడు. ఆమె ఆశగా నా వైపు తిరిగింది.

"అవునా అన్నయ్యా?"

"అవునమ్మా" అన్నాను.

గ్రేసీ కళ్ళు మూసుకుని, స్తోత్రం అంది.